దాసరి సుబ్రహ్మణ్యముగారి బాలసాహస నవలలు: గుణదోష విచారము

బాలబాలికలు ఏ పుస్తకములు చదువవలెను, ఏవి చదువరాదు అను ప్రశ్న పాఠశాల పుట్టిననాటినుండియు నున్నదే. ఒకప్పుడు నవల యను పేరు వినినంతనే పెద్దలు పిల్లలచేతినుండి పుస్తకమును లాగికొనెడివారు. ఇప్పుడో, పిల్లవాడు సెల్‌ఫోను విడిచి పుస్తకము పట్టుకొనిన చాలును, అది యేదైనను సరే యని నిట్టూర్చుచున్నారు. ఈ రెండును తగిన మాటలు కావు. ఏదో యొకటి తినిన చాలునని అన్నము విషయమున ఏ తల్లియు ననదు. చదువు విషయమునను అట్టి విచక్షణయే కావలెను.

ఈ సంవత్సరము మా పాఠశాల గ్రంథాలయమునకు తెలుగు పుస్తకములు ఎన్నుకొనవలసి వచ్చినప్పుడు, చందమామలో వెలువడిన దాసరి సుబ్రహ్మణ్యముగారి ధారావాహిక నవలలను గూర్చి ఉపాధ్యాయులలోను, తల్లిదండ్రులలోను కొంత వాదము జరిగినది. తప్పక తెప్పింపుడని కొందఱనిరి. మంత్రగాండ్ర కథలు మిషను పాఠశాలకు తగవని కొందఱనిరి. ఉభయపక్షములవారును ఆ కథలను చిన్నతనమున ఆత్రముతో చదివినవారే యగుట విశేషము. నేనును చదివినవాడనే. వానియందు నాకు ప్రీతియు కలదు, అసంతృప్తియు కలదు. ఆ రెండింటిని దాపరికము లేక వార్షిక సంచిక చదువరులయెదుట పెట్టుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా గ్రంథకర్తను గూర్చి నాలుగు మాటలు. చందమామ మాసపత్రికను నాగిరెడ్డి, చక్రపాణిగారలు 1947 జూలైలో మదరాసునందు తెలుగు, తమిళ భాషలలో ప్రారంభించిరి. పిదప అది అనేక భారతీయ భాషలకు వ్యాపించినది. 1952 మొదలు 1980లో మరణించువఱకు కొడవటిగంటి కుటుంబరావుగారు దాని సంపాదక భారమును మోసిరి. ఆ 1952లోనే ఇరువదియేండ్ల యువకుడైన దాసరి సుబ్రహ్మణ్యముగారు అందు చేరి, 2006 వఱకు, అనగా అర్ధశతాబ్దమునకు మించి, ఆ పత్రికకే సేవచేసిరి. 1954లో తోకచుక్కతో మొదలిడి మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము, రాతిరథము, యక్షపర్వతము, మాయాసరోవరము, భల్లూక మాంత్రికుడు అను దీర్ఘకథలను ఇరువదియేండ్లకు పైబడి నెలనెలకును వ్రాసిరి. 2010 జనవరిలో ఆయన కన్నుమూసిరి. మఱి మూడేండ్లకు చందమామయు నిలిచిపోయినది. కథలు మాత్రము నిలిచిపోలేదు. పాత సంచికల ప్రతులు అంతర్జాలమున చదువ వీలగుచున్నవి. కథలు పుస్తకరూపమునను వచ్చినవి. ఆదివారమునాడు ఆబిడ్సు కాలిబాటమీద పాతపుస్తకముల వరుసలను ఓపికతో వెదకువారికి చినిగిన చందమామ యొకటియైన దొరకకపోదు.

నెలనెలకును వచ్చు సంచికలనుండి ధారావాహిక పుటలను విడదీసి, దారముతో కుట్టి, అట్టవేసి దాచుకొనిన కుటుంబములు తెలుగువారిలో లెక్కకు మిక్కిలి. నాకు లభించినదియు అట్టి కుట్టుపుస్తకమే. అందు రాకాసిలోయ కడపటి పుటలు లేకుండెను. ఆ కథ యెట్లు ముగిసినదో చాల యేండ్లవఱకు నే నెఱుగను. ఆ లోటును తీర్చుకొనుటకై నాకు నేనే నాలుగైదు ముగింపులు కల్పించుకొంటిని. పిమ్మట అసలు ముగింపు చదివినప్పుడు నా ముగింపులలో నొకటి దానికంటె బాగున్నదనిపించినది. ఇది నా ప్రజ్ఞ కాదు. చదువరిని ఊరక కూర్చుండనీయక కథలోనికి లాగి పనిచేయించు శక్తి ఆ రచనకు కలదనుటకు ఇది నిదర్శనము.

ఈ కథల నడక ఇంచుమించు ఒక్కటే. ఒక రాజ్యమునకు ఆపద మూడును, లేదా ఒక నిధిని గూర్చిన వార్త పుట్టును. ఒక యువకుడు, తఱచుగా ఇద్దఱు మిత్రులు, అడవిలోనికో ద్వీపములోనికో బయలుదేరుదురు. అచట మాంత్రికులు, రాక్షసులు, వింతమృగములు, పాడుపడిన కోటలు. ఒక గండము గడచినంతనే మఱియొకటి. తోకచుక్కలో కుండలినీ రాజ్యపు సేనాని సమరసేనుడు ఓడలతో పోయి, ఏకాక్షి, చతుర్నేత్రుడు అను మాంత్రికుల వైరము నడుమ చిక్కుకొనును. పాతాళదుర్గమున ధూమకసోమకులు, శిథిలాలయమున శిఖిముఖి విక్రమకేసరులు, యక్షపర్వతమున ఖడ్గవర్మ జీవదత్తులు, మాయాసరోవరమున జయశీల సిద్ధసాధకులు. పేర్లు చెప్పినంతనే నలువది, ఏబది యేండ్లు దాటినవారి ముఖములు వికసించును. చిత్రా యను పేర బొమ్మలు గీసిన టి. వి. రాఘవన్‌గారు ఆ మాంత్రికుల గడ్డములకును, రాక్షసుల కోఱలకును ఇచ్చిన రూపమే ఇప్పటికిని మా తరమువారి మనస్సున నిలిచియున్నది.

ఇక గుణములను విచారింతము. మొదటి గుణము చదివించు శక్తి. ఇది చిన్నగుణమని పండితులు తలంతురు గాని, తరగతిలో నిలుచుండు ఉపాధ్యాయునకు దీనికి మించిన గుణము లేదు. మేము నివసించు పంజాగుట్ట, అమీరుపేట ప్రాంతముల సంగతి చదువరు లెఱిగినదే. పంజాగుట్ట పేరులో గుట్ట యున్నను, ఇప్పుడు కంటికి గుట్టకంటె వంతెనయే ముందు కన్పట్టును. అమీరుపేటలో తలయెత్తినచో ఆకాశమునకు బదులు కంప్యూటరు శిక్షణాలయముల ప్రకటన పలకలు కన్పట్టును. మా పిల్లలు ఇంట తెలుగో, ఉర్దువో, హిందీయో మాటలాడి, బడిలో ఆంగ్లమున చదివి, వీధిలో మూడింటిని కలిపి వాడుదురు. 2018లో తెలంగాణ శాసనసభ చేసిన చట్టముచే పదవ తరగతివఱకు తెలుగు నేర్పుట అన్ని పాఠశాలలకును విధియైనది. చట్టము పాఠమును తరగతిలోనికి తేగలదు. పిల్లవానికి చదువుమీద కోరికను మాత్రము తేజాలదు. ఏడువందల పుటల ఆంగ్ల నవలను మూడుదినములలో ముగించు బాలిక తెలుగు వాచకమున ఒక పుట చదువుటకు ఆయాసపడుట నేను ప్రతి సంవత్సరమును చూచుచున్నాను. ఆమెకు శక్తి లేక కాదు, తెలుగులో ఆమెను పరుగెత్తించు పుస్తకము ఆమె చేతికి రాక.

దాసరివారి వాక్యము పొట్టిది. అందు క్రియ యుండును, కదలిక యుండును. ఎవడు వచ్చెను, ఏమి చూచెను, ఏమి చేసెను అనునది వెంటనే తెలియును. వర్ణన రెండు వాక్యములకు మించదు. మాటలు వాడుకకు దగ్గఱివి. అట్లని బీదవి కావు. కోట, బురుజు, అగడ్త, ఒర, అమ్ములపొది, పల్లకి, కాగడా మొదలగు పదములు కథలో పడి తమంత తామే అర్థమగుచుండును. ఒక సంవత్సరము ఎనిమిదవ తరగతిలో గంట కొట్టుటకు పదినిమిషములు ముందుగా పాఠము ముగించి, యక్షపర్వతమునుండి ఒక్కొక్క ప్రకరణము చదివి వినిపించుచుంటిని. నాలుగవ దినమున, తెలుగు అక్షరములు కూడబలుకుకొని చదువు బాలుడొకడు వచ్చి ఆ పుస్తకము ఒక రాత్రికి ఇమ్మని యడిగెను. మఱునాడు తెచ్చి యిచ్చునప్పుడు, పదునొకండు పుటలు చదివితినని వ్రేళ్లు లెక్కించి చెప్పెను. ఏ వ్యాకరణ పాఠమును వానిచేత ఆ పని చేయింపలేదు.

రెండవ గుణము స్నేహము. ఈ కథలలో నాయకుడు ఒంటరి వీరుడు కాడు. ఖడ్గవర్మకు కత్తి బలము, జీవదత్తునకు విద్యాబలము. ఒకడు తొందరపడిన మఱియొకడు నిలుపును. వీరు వంశము చూచుకొని స్నేహము చేయరు. శిథిలాలయమున శిఖిముఖి శబర నాయకుని కుమారుడు; వానికి సాటిమిత్రుడు కోటపాలకుని యింట పుట్టిన విక్రమకేసరి. రాకాసిలోయలో కేశవ జయమల్లులకు గోమాంగ్ అను అడవిజాతి యువకుడు ప్రాణమిత్రుడు. ఆనాటి పిల్లల పత్రికలో శబర బాలుని కథానాయకునిగా నిలుపుట సామాన్యవిషయము కాదు. కులమును గూర్చి ఉపన్యాసము చేయక, ఇద్దఱిని ఒకే నిప్పుచుట్టు కూర్చుండబెట్టి ఒకే మాంసము తినిపించిన రచన బాలుని మనస్సున చేయు పని గొప్పది.

మూడవది, భయమును గూర్చిన నీతి. ఈ కథలలో భయపడనివాడు లేడు. భయపడియు అడుగు ముందుకు వేయువాడే నాయకుడు. పరీక్షలనగా వణకు పిల్లలకు, పలువుర యెదుట నోరు మెదపలేని పిల్లలకు, ఇది ఉపదేశముకంటె ఎక్కువ మేలు చేయును.

ఇప్పుడు ఆక్షేపణలకు వత్తము. అందు మొదటిది మంత్రతంత్రములను గూర్చినది. దీనిని నేను తేలికగా త్రోసివేయను. క్రైస్తవ గృహములలో పెరిగిన మాకు, సోదె, చిల్లంగి, చేతబడి మొదలగువానినుండి దూరముగా నుండవలెనను బోధ ఉగ్గుపాలతో వచ్చినది. అట్టి తల్లిదండ్రులు మాంత్రికుని బొమ్మ చూచి జంకుట సహజము. పల్లెలలో చేతబడి యను నెపమున నిరపరాధులను హింసించిన వార్తలు ఇప్పటికిని వినవచ్చుచుండగా, ఆ జంకునకు లోకజ్ఞానపు ఆధారమును కలదు.

ఐనను రెండు సంగతులు ఆలోచింపవలెను. ఒకటి: కథలో మాంత్రికుడుండుట వేఱు, మంత్రవిద్య మేలని బోధించుట వేఱు. పరిశుద్ధ గ్రంథమునందే సౌలురాజు ఏన్దోరునందలి కర్ణపిశాచముగల స్త్రీయొద్దకు రాత్రివేళ పోయిన వృత్తాంతము కలదు. అపొస్తలుల కార్యములలో గారడీవాడైన సీమోను శక్తిని రూకలిచ్చి కొనజూచిన వృత్తాంతము కలదు. వానిని చదివినవారెవరును గారడీ నేర్చుకొనబోలేదు. శక్తిని సులభముగా సంపాదింపగోరువాని దుర్గతియే వారికి తెలిసినది. దాసరివారి మాంత్రికులలో పెక్కండ్రు సీమోను చుట్టములే. నిధికొఱకును, అధికారముకొఱకును ఒకరినొకరు మ్రింగబోయి తుదకు తామే నశింతురు. చతుర్నేత్రునివలె నాయకునకు తోడ్పడు మాంత్రికులు ఉన్నమాట నిజమే. కాని కథ ముగియునప్పటికి ఆ విద్య నేర్వవలెనను కోరిక చదువరికి మిగులదు. మిగులునది ఇంటికి చేరితిమన్న ఊరట. మన మిషను గృహములలో తరతరములుగా ఆదరము పొందిన బనియను మహాశయుని యాత్రిక గ్రంథము 1678లో వెలువడినది. అందును రాక్షసుడు కలడు, పిశాచము కలదు, సందేహదుర్గము కలదు. వానికి వెఱచి ఆ పుస్తకమును ఎవరును బీరువాలో పెట్టి తాళము వేయలేదు.

రెండవ సంగతి సున్నితమైనది. తెలుగు మాంత్రికుని కాదనువారిలో కొందఱి యిండ్లలోనే ఆంగ్లమున రౌలింగు వ్రాసిన హ్యారీ పాటరు నవలలు ఏడును అలమారలో వరుసగా నిలుచుండును. 1997 మొదలు 2007 వఱకు వెలువడిన ఆ నవలలలో మాంత్రికుల బడియే కలదు గదా! ఆంగ్లమున మంత్రము చదివినచో విజ్ఞానము, తెలుగున చదివినచో మూఢత యగునా? రెండింటిని కాదను తల్లిదండ్రులను నేను గౌరవింతును. వారి నియమమున తూకము కలదు. ఒకదానికి స్వాగతము, రెండవదానికి బహిష్కారము చెప్పువారు మాత్రము తాము కాదనుచున్నది మంత్రమునా, తెలుగునా అని తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను.

కావున ఈ ఆక్షేపణచే ఆ నవలలు బడినుండి తొలగింపదగినవి కావని నా యభిప్రాయము. కాని నా అసంతృప్తి వేఱుచోట నున్నది. మంత్రములను గూర్చి కలవరపడువారు దానిని చూడకపోవుట నాకు వింతగా తోచును.

మొదటి లోపము స్త్రీపాత్రల లేమి. పండ్రెండు నవలలలో తన బుద్ధితో కథను నడుపు బాలికను వెదకి పట్టుట కష్టము. మాయాసరోవరమున రాజపుత్రిక కాంచనమాల అపహరింపబడును; ఆమెను, ఆమె సోదరుని వెదకుటయే కథ. ఈ కథ చదివి తొమ్మిదవ తరగతి బాలిక యొకతె నన్ను అడిగిన ప్రశ్న: "సార్, కాంచనమాల అన్ని నెలలు అక్కడ ఏం చేసింది?" నాయొద్ద ఉత్తరము లేదు, కథలోను లేదు. నాయకులు అడవులు దాటుచుండగా, మొసళ్లతో పోరుచుండగా, ఆమె కథవెలుపల వేచియుండెను. ఇది దాసరివారొక్కరి లోపము కాదు. స్టీవెన్‌సను వ్రాసిన నిధిద్వీపము 1881, 1882 సంవత్సరములలో ఆంగ్ల బాలల పత్రికలో ధారావాహికగా వెలువడినది. అందును బాలుని తల్లి తప్ప చెప్పదగిన స్త్రీ లేదు. సాహసమనగా మగపిల్లల సొత్తని లోకము తలచిన కాలమది. కాని హేతువు తెలిసినంతమాత్రమున లోపము గుణము కాదు. మా తరగతిలో సగము మంది బాలికలు. వారు ప్రతి కథలోను తమ్ము తాము మగవేషమున ఊహించుకొనవలసినదేనా? ఆంగ్ల నవలలో హెర్మయోనీ అను బాలిక పుస్తకములు చదివి మిత్రులను రక్షించును. మా బాలికలు ఆ నవలలవైపు పరుగెత్తుటకు ఇదియు నొక కారణమని నేను నమ్ముదును.

రెండవ లోపము ప్రాణము చౌకయగుట. బాణము తగిలి భటుడు కూలును, కథ సాగిపోవును. ఆ భటునకు పేరు లేదు, ఇల్లు లేదు, వానికొఱకు ఏడ్చువారు లేరు. నాయకులు ఒక్కక్షణమైనను వెనుదిరిగి చూడరు. పిల్లలు చరవాణి యాటలలో దినమునకు నూర్గురిని కాల్చుచున్న ఈ కాలమున, చంపుట యనునది పుట త్రిప్పుటవలె తేలికయని చెప్పు కథను నేను విచారింపక ఊరకుండజాలను.

మూడవది అడవిజాతులను గూర్చినది. శిఖిముఖిని నాయకుని చేసిన కలమే, ఇతరచోట్ల అడవిలోని మనుష్యులను నరబలి యిచ్చు మూకలుగా చూపినది. ఈకలు, బల్లెములు, కేకలు, ఒక భయంకర దేవత; ఇంతే వారి బ్రదుకు. మా పిల్లలు జోడేఘాటునందు 1940లో ప్రాణము విడిచిన కొమరం భీమును గూర్చి చదువుచున్నారు. భూమికొఱకు, అడవికొఱకు ఆయన నిజాం ప్రభుత్వముతో పోరాడెనని తెలిసికొనుచున్నారు. ఆ పాఠము చదివిన బాలుడు ఈ బల్లెముల మూకను చూచి, వీరి పేర్లేమి, వీరి అడవిలోనికి మనమేల వచ్చితిమని యడుగవలెను. అడుగకున్నచో అడిగించుట ఉపాధ్యాయుని పని.

నాలుగవ లోపము నా దృష్టిలో అన్నింటికంటె పెద్దది. ఈ నాయకులు మాఱరు. బయలుదేరినప్పుడు ఎంత ధీరులో తిరిగివచ్చినప్పుడును అంతే. నూఱు గండములు దాటినను తమలోని ఒక్క దుర్గుణమునైన ఎదుర్కొనరు. శత్రువు ఎల్లప్పుడును వెలుపలనే యుండును. బనియను యాత్రికుడు వీపుమీద మూటతో బయలుదేరును. ఆ మూట సిలువయొద్ద జాఱిపడును. చదువరికిని తన వీపు తేలికైనట్లు తోచును. స్టీవెన్‌సను బాలుడు, సిల్వరు అను ఒంటికాలి నావికునియందు మంచిచెడ్డలు రెండును కలిసియుండుట చూచి, మనుష్యుడనగా నేమో కొంత తెలిసికొనును. దాసరివారి కథ ముగిసినపిదప మనకు చాల దూరము పోయివచ్చినట్లుండును గాని, మనము వేఱుమనుష్యులమైనట్లుండదు. ముగ్గురు మాంత్రికులలో మాత్రము ఈ లోటు కొంత తీఱినది. అరేబియను రాత్రులలోని జూదరు కథకు చుట్టమైన ఆ నవలలో పింగళునకు కీడుచేయువారు వాని తోడబుట్టిన అన్నలే. శత్రువు ఇంటిలోనే యుండుటచేత అందలి బాధ మన బాధవలె తోచును. అదియే దారిలో ఆయన మఱికొంత నడచియుండినచో ఎంత బాగుండెడిదో!

ఈ లోపములకు కొంతవఱకు ధారావాహిక పద్ధతియే కారణము. నెలకు కొన్ని పుటలే. మొదట జరిగిన కథను చెప్పవలెను; చివర నాయకుని ఏదో ఆపదలో వ్రేలాడదీయవలెను. నెలకొక గండము కావలసినచోట మనస్సులోని మార్పునకు చోటెక్కడ? అందుచేతనే సమయమునకు కొమ్మ విఱుగును, సమయమునకు పులి దుమికి శత్రువును పట్టును. ఒక నెల చదివినప్పుడు ఇవి ఆనందమునిచ్చును. ఒక్క బిగిని పుస్తకముగా చదివినప్పుడు ఇన్ని పులులు ఇంత సమయపాలన యెట్లు చేసినవని నవ్వు వచ్చును. మా పిల్లలు రైలుబండ్ల పట్టికకంటె దాసరివారి పులులే నమ్మదగినవని పరిహాసమాడుదురు.

మఱియొక సంగతి చెప్పక ముగింపరాదు. ఈ ధారావాహికలు వెలువడినన్నినాళ్లు వానిమీద రచయిత పేరు లేదు. లక్షలాది పిల్లలు కథను చదివిరి గాని, కథకుడెవరో ఎఱుగరు. చాలమందికి ఆయన పేరు తెలియుట ఆయన ముసలితనముననో, మరణానంతరముననో జరిగినది. పత్రికకు దాని నియమములుండవచ్చును. కాని పనివానికి కూలి ఎట్లు చెల్లవలెనో, రచయితకు పేరును అట్లే చెల్లవలెను. అంతర్జాలమునుండి వ్యాసములు దించుకొని తమ పేరు వ్రాసికొను విద్యార్థులు ఈ విషయమును గట్టిగా గుర్తుంచుకొనవలెను. నేను ఆక్షేపణలు ఇన్ని చెప్పినను, ఆయన పేరును ఈ వ్యాసము శీర్షికలోనే నిలిపితిని. పేరెత్తి మెచ్చుటయు, పేరెత్తి విమర్శించుటయు రెండును గౌరవములే.

ఇక కర్తవ్యమేమి? ఈ నవలలు మా గ్రంథాలయమున నుండవలెను. ఆఱు, ఏడు, ఎనిమిది తరగతులవారికి, తెలుగు చదువుటకు జంకువారికి, ముందుగా వీనినే యీయవలెను. ఐతే వీనియొద్దనే నిలిచిపోనీయరాదు. పరుగెత్తుట నేర్చిన కాళ్లకు దూరపు దారులు చూపవలెను. చిలకమర్తివారి గణపతి, మొక్కపాటివారి బారిష్టరు పార్వతీశము, ముళ్లపూడివారి బుడుగు పక్క అరలోనే యుండవలెను. నవ్వించుచునే మనుష్య స్వభావమును చూపు పుస్తకములవి. ఇంటివద్ద మంత్రకథలను వలదను తల్లిదండ్రుల పిల్లలపై వీనిని రుద్దరాదు. వారికి ఇతర పుస్తకము లీయవలెను. తరగతిలో చదివినప్పుడు, కథ ముగియగానే పుస్తకము మూయక, రెండు ప్రశ్నలు వేయవలెను: ఈ కథలో మాటలాడనివారెవరు? చచ్చిపడినవాని ఇంట ఆ రాత్రి ఏమి జరిగినది?

విద్యార్థులారా! నేను పైని చెప్పిన బాలిక తన ప్రశ్నకు ఉత్తరము దొరకదని తెలిసి ఊరకుండలేదు. కాంచనమాల ఆ చెఱలో నేమి చేసెనో తానే ఎనిమిది పుటలు వ్రాసి తెచ్చినది. అందు కాంచనమాల కావలివారి భాష నేర్చుకొనును, నీటిదారులు గుర్తించును, తమ్మునకు ధైర్యము చెప్పును. మిత్రులు వచ్చునప్పటికి సగము పని ఆమెయే ముగించియుండును. అక్షరదోషములు పదునేడు కలవు. కథ మాత్రము పులుల సాయము లేకయే నడచినది. మంచి పుస్తకము చదువరిచే చేయింపదగిన పని ఇదియే యని నేను తలంతును.

మీరును అట్లే చేయుడు. చదువుడు, ప్రేమింపుడు, తగవులాడుడు, పిదప కలము పట్టుడు. రాకాసిలోయకు పోనక్కఱలేదు. పంజాగుట్ట వంతెనక్రింద, అమీరుపేట మెట్రో మెట్లమీద, ఊరుగాని యూరినుండి శిక్షణకు వచ్చి ఇరుకుగదిలో నలుగురితో తలదాచుకొను యువకుల నడుమ, వ్రాయదగిన సాహసములు ఎన్నియో కలవు. వచ్చు సంవత్సరపు సంచికలో అట్టి కథ యొకటి, వ్రాసినవారి పేరుతో, అచ్చులో చూడగోరుచున్నాను.

— ఒక తెలుగు ఉపాధ్యాయుడు